సగం కీ ఇచ్చిన పాట

శుక్రవారం పొద్దున్న పాలు పొంగే వేళకి మధ్యగోడ మీద చెంబుతో మూడుసార్లు కొట్టిన చప్పుడు వినిపించింది. పక్కింటి వదిన, సంగీతం మాస్టారి భార్య, ఏదైనా కావాలంటే ఒక్కసారే కొడుతుంది. మూడు అనేసరికి పాలు దించకుండానే పరుగెత్తాను. నేను వెళ్ళేసరికే మాస్టారు పోయారు.

ఆయన శిష్యులు వేస్తున్న పుస్తకంలో నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను మూడో తరగతి దాటలేదు. తప్పు రాసి ఆయన పరువు తీస్తానేమోనని ఇప్పటికి రెండుసార్లు చించేశాను.

చీపురుపల్లిలో ఒకే గోడకి అటు వాళ్ళు, ఇటు నేను. నాకు అన్నిటికీ భయమే. బజారుకి బయలుదేరి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తాళం లాగి చూస్తాను. మళ్ళీ వెళ్తాను, మళ్ళీ వస్తాను. చివరికి బజారు మానేసి ఇంట్లో కూర్చుంటాను. మాస్టారు అరుగు మీంచి నవ్వేవారు.

"ఆ తాళాన్ని ఒగ్గీయే సెల్లెమ్మా! దానికే నోరుంటే ఈపాటికి ఏడ్సును."

ఆయన దగ్గర కీ ఇచ్చే పాత గ్రామఫోను పెట్టె ఒకటుంది. ఎన్ని రికార్డులున్నా సాయంత్రమైతే ఒక్కటే పెట్టేవారు. ఇటలీలో నేపుల్స్ అనే రేవు ఊరి పాటట. ఆయన గురువుగారు విశాఖ రేవులో ఎవరో ఓడ మనిషి దగ్గర తీసుకున్నారట. మాట ఒక్కటీ మనకి తెలీదు. మగగొంతు, వెనక ఏవో తంత్రులు.

"మాటలతో పనేటి? నడక సూడు. తకిట, తకిట... నీళ్ళ మీద పడవలా ఊగతన్నాది కాదేటి? శ్రుతి రెండో మెట్టు మీద నిలబడాల. ఎవడు సెప్పినా కదలకూడదు" అనేవారు.

ఆ పాట మొదటి సగం వింటే నాకు గుండె పట్టేసినట్టుండేది. అది మన కీరవాణి రాగం పోలిక అనేవారు. రెండో సగంలోకి రాగానే వేలు పైకెత్తేవారు. "ఇదిగో, గాంధారం ఎక్కీసినాది. శంకరాభరణం అయిపోనాది. మూసిన గదికి కిటికీ తీసినట్టు నేదూ?" నాకు గాంధారం తెలీదు కానీ అక్కడ ఊపిరి ఆడేది. నిజం.

కిందటి ఏడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కుడి చేతి చూపుడువేలు, కళ్ళు తప్ప ఏదీ కదిలేది కాదు. వదిన చేతులు కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి, పెట్టెకి కీ ఇవ్వలేకపోయేది. సాయంత్రాలు ఆ పని నామీద పడింది.

నిండా ముప్ఫై చుట్లు తిప్పాలని ఆయన ఎన్నోసార్లు అన్నారు. ఆయన గురువుగారి చేతిలో ఒకసారి స్ప్రింగు తెగిందనీ అన్నారు. నాకు ఆ రెండో మాటే గుర్తుంది. తెగితే బాగుచేసేవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఉన్న ఒక్క సుఖమూ నా చేతులమీదుగా పోతుందేమోనని పన్నెండు చుట్లకే ఆపేసేదాన్ని.

పాట సగం దాటేసరికి నీరసించేది. గొంతు సాగి, లావై, కిందకి దిగిపోయేది. అప్పుడు మాస్టారి వేలు మంచం పట్టీ మీద టకటకా కొట్టుకునేది. చాలు, ఆపమంటున్నారనుకుని రికార్డు మీంచి ముల్లు తీసేసేదాన్ని. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆ జబ్బుకి కళ్ళు అలా కారతాయని డాక్టరు చెప్పారు కదా అని తుడిచేదాన్ని. ఎనిమిది నెలలు ఇలాగే చేశాను.

ఆయన పోవడానికి ముందురోజు గరివిడి నుంచి ఆయన శిష్యురాలు వచ్చింది. అక్కడి పిల్లలకి వయొలిన్ చెబుతుంది. నేను ఎప్పటిలాగే పాట పెట్టి, ఎప్పటిలాగే ఆపబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఎందుకాపతన్నావు?"

"సాలంటన్నారు కదమ్మా. ఏలు సూడు."

ఆమె వంగి ఆ వేలినే చూసింది. "ఓలమ్మా! సాలనడం కాదు. తకిట తకిట... తాళం ఏస్తన్నారు. పాటే ఎనకబడిపోతన్నాది. కీ ఎన్ని సుట్లు తిప్పినావు?"

చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎనిమిది నెలలు ఆ మనిషిని కిటికీ దాకా తీసుకెళ్ళి, తియ్యకుండా వెనక్కి తెచ్చాను. ఒళ్ళు కదలని మనిషిని ఆ మొదటి సగంలోనే పడేసి ఉంచాను.

"నువ్వు తిప్పమ్మా" అన్నాను. "నాను తిప్పను. మాస్టారు నిన్నే సూస్తన్నారు" అంది.

అవును, నన్నే చూస్తున్నారు. తిప్పాను. పదిహేను దాటాక పిడి బిగుసుకుంది. ఇరవైకి రెండో చేత్తో పెట్టెని అదిమి పట్టుకున్నాను. ఆ తరవాత కళ్ళు మూసుకుని తిప్పాను. వదిన గుమ్మంలోంచి, "తెగితే తెగనీయే, ఇంక దేనికి దాసుకుంటాం!" అంది.

తెగలేదు. పాట ఆయన వేలితో కలిసి నడిచింది. రెండో సగంలోకి వచ్చినా నీరసించలేదు. వేలు ఒక్కసారి పైకి లేచి ఆగింది, మళ్ళీ పట్టీ మీదికి దిగింది. ఆయన కళ్ళు పొడిగానే ఉన్నాయి.

నేను కీ ఇచ్చిన రోజుల్లో పాట ఎప్పుడూ చివరిదాకా రాలేదు, అందుకే ఆ తరవాత పెట్టె ఏం చేస్తుందో నేను చూడలేదు. పాట అయిపోయింది, ముల్లు తీసేశాను. కింద పళ్ళెం మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. మంచం పట్టీ మీద ఆయన వేలూ ఇంకా ఆడుతూనే ఉంది.