గేటు దాకా తెలిసిన మనిషి

టాక్సీ స్టాండులో ఆయన్ని అందరూ రూటు మాస్టారు అనేవారు. ఏ గుడికి ఏ దారిన పోతే గంట కలిసొస్తుంది, ఏ అడవి గేటు ఎన్నింటికి తెరుస్తారు, ఏ పార్కింగులో మధ్యాహ్నం పూట నీడ ఎటు పడుతుంది, అడిగితే చాలు, నిద్రలో లేపినా చెప్పేవాడు. ముప్పై ఏళ్లు అద్దె కారులో జనాన్ని గుళ్లకూ అడవులకూ తిప్పాడు మరి.

ఇంత తిరిగిన మనిషి గర్భగుడిలో దేవుణ్ణి గానీ, అడవిలో పులిని గానీ ఒక్కసారైనా చూడలేదంటే ఎవరూ నమ్మరు. డ్రైవరు బతుకు తెలిసినవాళ్లు మాత్రం నమ్ముతారు. గుడి దగ్గర దిగినవాళ్ల బ్యాగులన్నీ కారులోనే ఉంటాయి. వాళ్లు దర్శనం చేసుకుని వచ్చేసరికి కారు ఎదురుగా లేకపోతే మండిపడతారు. అడవిలోకైతే బయటి కార్లను రానివ్వరు. గేటు దగ్గర దిగి సఫారీ జీపు ఎక్కాల్సిందే, జీపులో సీట్లు టూరిస్టులవి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఈయన్ని ఉద్యోగం పూజారి దాకా కూడా పోనివ్వలేదు.

ట్రిప్పు నుంచి ఇంటికొస్తే చాలు, పులి ఎలా ఉంది నాన్నా అంటూ పిల్లలు మీదెక్కేవారు. లేదనడానికి నోరు రాలేదు. తిరుగు దారంతా వెనక సీట్లో టూరిస్టులు చెప్పుకున్నదాన్నే తనదిగా చెప్పేశాడు. పులి దారికి అడ్డంగా నిలబడి తన కళ్లలోకి సూటిగా చూసిందన్నాడు. హారతి వెలుగులో దేవుడి ముఖం నవ్వినట్టుందన్నాడు. కూర్చున్నచోటే పిల్లలకు అరచేతిలో వైకుంఠం చూపించేవాడు. ఒకసారి చూశానన్నాక వెనక్కి తీసుకోవడం ఎలా? ఆ అబద్ధం పిల్లలతో పాటే పెరిగింది.

కిందటేడు రిటైరై, టాక్సీ కంపెనీకి కారు తాళాలు అప్పజెప్పి వచ్చిన రోజున మాత్రం మనసు ఆగలేదు. పెరటి మెట్ల మీద భార్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో చొక్కా పక్కన పెట్టి, “ఈసారి మనమే వెళ్దాం. మీరు ముందు నడవండి, మీ వెనక మేం వస్తాం” అంది. ఆ ఒక్క మాట మీద ఆయన ఏడాది బతికాడు.

పాత క్యాలెండరు అట్ట వెనక రంగు పెన్సిళ్లతో ప్లాను గీశాడు. ఎనిమిది రోజులు, రెండు గుళ్లు, రెండు అడవులు. గుడిలో రద్దీ ఉండే రోజున అడవి, అడవికి సెలవున్న రోజున గుడి. ఎవరెన్ని చెప్పినా స్టీరింగు తనదేనన్నాడు. ఇంకొకళ్లు నడుపుతుంటే ఆయన కాలు ఊరుకోదు, లేని బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. సఫారీకి మెరిసే బట్టలు వద్దని ముప్పై ఏళ్లుగా అందరికీ చెప్పినవాడు, ఈసారి తనకోసం ముదురాకుపచ్చ చొక్కా కొనుక్కున్నాడు. ఎప్పుడూ గుర్తు పెట్టే పార్కింగు నీడల్ని మాత్రం ఈ ప్లానులో వేయలేదు. కారుకి తాళం వేసి, తాళం జేబులో వేసుకుని, చేతులూపుకుంటూ లోపలికి పోయేవాడికి నీడతో పనేముంది?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ బల్ల చుట్టూ చేరారు. కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, వాళ్లతో పాటు భార్య చెల్లెలు. కొడుకు బుకింగులన్నీ అయిపోయాయని చెప్పి ఫోనులోంచి పేర్లు చదివాడు. రెండు సఫారీలకూ, రెండు గుళ్లలో దర్శనానికీ అవే ఆరు పేర్లు. మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. కొడుకు మరిచిపోయుంటాడనుకున్నాడు.

“నా పేరు చదవలేదురా.”

కొడుకు ఫోను మీంచి కళ్లెత్తాడు. “జీపుకి ఆరుగురే నాన్నా, రెండో జీపు దొరకలేదు. పిన్ని కూడా వస్తానంది. నువ్వు అన్నీ చూసేశావు కదా అని, నీ పేరు తీసేసి పిన్ని పేరు పెట్టమని అమ్మే చెప్పింది. గుళ్లకీ అదే లిస్టు పెట్టేశా.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ గ్లాసులు ఒకచోటికి చేరుస్తోంది, తల ఎత్తలేదు.

“దానికెప్పుడూ ఎక్కడికీ వెళ్లే రాత లేదు, మొదటిసారి నోరు తెరిచి అడిగింది,” అంది. “మీకేముందండీ, అన్నీ చూసినవేగా. కారు దగ్గర ఉండడం మీకు అలవాటే.”

కాదనాలంటే అల్లుడి ముందు, కోడలి ముందు ముప్పై ఏళ్ల పులిని తన చేత్తో తానే చంపుకోవాలి. ఆయన ఆ పని చేయలేడని ఆవిడకు తెలుసు. తెలిసే ఆ మాట అంది. పరాయివాళ్లు ఇన్నేళ్లు గేటు బయట నిలబెడితే అది ఉద్యోగమని సరిపెట్టుకున్నాడు, ఒక్కరోజూ బాధపడలేదు. ఇప్పుడు కంచే చేను మేసింది. పెరటి మెట్ల మీద చెప్పుకున్న గుట్టే ఆవిడకు పనికొచ్చింది. అంత నొప్పి ఆయన ఎన్నడూ ఎరగడు.

మరదలికి ఇవేమీ తెలియవు. సంతోషంతో ముఖం వెలిగిపోతోంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, “బావా, నేను ఏ పక్కన కూర్చుంటే పులి బాగా కనిపిస్తుంది?” అని అడిగింది.

ఆయన అట్ట మడతను అరచేత్తో చదును చేశాడు.

“ఎడమ పక్కన కూర్చో అమ్మా. దిగొచ్చినవాళ్లంతా అదే చెప్పేవాళ్లు.”

కొడుకు ఎడమ పక్క అని ఫోనులో రాసుకున్నాడు. అల్లుడు కెమెరా సంగతి ఎత్తాడు. ఎవరికీ ఏమీ తట్టలేదు. భార్య చేతిలో గ్లాసు మాత్రం ఆగిపోయింది. “ఏవండీ,” అంది మెల్లగా.

ఆయన నల్ల పెన్సిలు అందుకుని, అట్ట మీద మొదటి గుడి పక్కన పార్కింగు నీడ గుర్తు పెట్టాడు. తర్వాత రెండో గుడి దగ్గర ఒకటి, రెండు అడవి గేట్ల దగ్గరా ఒక్కొక్కటి.