పదికి ఎన్ని?

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చెప్పేదాంట్లో పావు వంతు నమ్మితే చాలు.

హిందూపురంలో ధర్మవరం బస్సెక్కేసరికి అందులో సగం జిల్లా ఉంది. నా పక్క సీట్లో ఒక టీచరమ్మ ఒళ్లో కొండంత జవాబు పత్రాలు పెట్టుకుని దిద్దుతోంది. ప్రశ్న: ‘మన నాయకుడి గురించి సొంతంగా రాయండి.’ అందరూ ఒకే జవాబు రాశారు: ‘ఆయన దేవుడు. అన్నీ ఇస్తాడు.’

“పిల్లోల్లంతా ఒకే మాట రాసినారే!” అన్నాను.

“బోర్డు మీద నేనే రాసిస్తినన్నా. మా బడి పెద్దసారు రాయమన్యాడు.”

తర్వాతి కాగితం దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఎవరో ఆడపిల్ల రాసింది: ‘ఆయన అన్నీ ఉత్తగా ఇస్తాండాడు. మాకు లెక్కల సారును మాత్రం ఇయ్యలేదు.’

“దీనికి మార్కులేస్తే ఊర్లో నన్ను అవతలి పార్టీ అంటారు. సున్నా వేస్తే ఆ పాప ఇంకెప్పుడూ సొంతంగా రాయదు. ఏం చేయల్లన్నా?”

“పదికి పది వేయమ్మా!” అని నేను గర్జించాను. బస్సు అదిరింది. డ్రైవరు కూడా స్టీరింగు వదిలి చప్పట్లు కొట్టాడు. ఆమె ఎర్ర సిరాతో పది వేసి, పెనుకొండలో దిగిపోయింది.

ఇందులో కల్పించింది ఆ గర్జన, ఆ చప్పట్లు, ఆ పది. ఆమె అడగగానే నేను నిద్రొచ్చినట్టు కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె పెనుకొండలో దిగుతోంది. చేతిలోని పత్రాల కట్ట మీద ఆ పాప కాగితమే ఉంది, మార్కు లేకుండా.

ధర్మవరం దాకా నాకు నిద్ర రాలేదు.