రెండో విస్తరి

నన్ను జపానుకు పంపింది వంట చేయడానికి. ధర్మవరంలో మాది పట్టుచీరల వ్యాపారం. రెండో యుద్ధం ఇంకా రాని రోజులు. పట్టునూలు బేరానికని మా ఆయన ఓడెక్కబోతుంటే, "వానికి బయటి కూడు పడదు, నువ్వూ పో" అని మా అత్త కారప్పొడి, రాగిపిండి మూటగట్టి ఇచ్చింది. బేరం తొందరగానే కుదిరింది. తిరుగు ఓడ వచ్చేదాకా ఇక షికారే.

వంట మాత్రం మొదటిరోజే ఆగిపోయింది. గదిలో చలికి పెట్టిన కుంపటి మీద నేను ఎండుమిరపకాయల పోపు వేశాను. సత్రం సత్రమంతా దగ్గుతూ వీధిలోకి వచ్చింది. బయట ఏం తిందామన్నా చేప వాసన. అప్పుడు మాకు నూలు అమ్మిన వ్యాపారి చెప్పాడు, క్యోటోలో బుద్ధుడి గుళ్లలో నీచు లేని భోజనం పెడతారని.

మా ఇంట్లో మగవాళ్లు తిని లేచాక అదే విస్తరిలో ఆడవాళ్లం తినేవాళ్లం. అప్పటికి అన్నం చల్లారి, వేసిన నెయ్యి గడ్డగట్టినట్టే ఉండేది. అదొక కష్టమని కూడా నేను అనుకోలేదు.

ఆ గుడిలో ఇద్దరికీ పక్కపక్కనే పళ్లేలు పెట్టారు. అన్నం, నువ్వుల ముద్ద, ముల్లంగి ఊరగాయ, పొగలు కక్కే ఆకుకూర చారు. ఆయన తిని లేస్తారని నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ముసలి సన్యాసి కూడా ముట్టలేదు. పెద్దాయన ముట్టకుండా మా ఆయన ఎట్లా తింటారు? చారు చల్లారిందని నేను తినలేదనుకున్నాడో ఏమో, సన్యాసి నా గిన్నె తీసుకుపోయి మళ్లీ వేడివేడిగా తెచ్చి పెట్టాడు.

"నువ్వు తింటే గాని ఈ సామి తినడు, సామి తింటే గాని నేను తినేకి లేదు. ఆకలికి సస్తాండా, తినవే!" అన్నారు మా ఆయన.

తిన్నాను. సిగ్గుతో మొదలుపెట్టి, అన్నం మళ్లీ అడిగి మరీ తిన్నాను. ఆ తర్వాత ఏ గుడికి పోయినా బుద్ధుడికి దండం పెట్టి, సిగ్గు లేకుండా వంటింటి వైపు చూసేవాళ్లం. ఆయన ఊరగాయ నమిలేటప్పుడు కళ్లు మూసుకుంటారని నాకు అక్కడే తెలిసింది. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను.

తిరుగు ప్రయాణంలో హిందూపురం స్టేషన్లో ఒకే ఆకులో ఇడ్లీలు తిన్నాం. పెనుకొండ కొండ కనిపించగానే, బంధువులెవరైనా ఎక్కుతారేమోనని ఎదురు బల్ల మీదికి మారాను. ఇక ఈ భోగం ఇంతటితో సరి అనుకుంటే ఏడుపొచ్చింది.

ఇంట్లో అత్త ఆయనకు విస్తరి వేసి వడ్డించింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని, అచ్చం ఆ సన్యాసిలాగే కూర్చున్నారు.

"ఏమప్పా, ఒళ్లు బాగలేదా? కూడు సల్లారిపోతాండాది."

"దాన్నీ కూసోనీమా. ఇద్దరం తింటాం."

అత్త నన్నూ, జపానునూ కలిపి తిట్టింది. తిడుతూనే రెండో విస్తరి తెచ్చి నా ముందు పడేసింది. నేను కూర్చున్నాను.

మర్నాడు మూడో విస్తరి నేనే వేసి, గిన్నెలు మధ్యలో పెట్టాను. "నాకెందుకివన్నీ?" అని సణుగుతూ అత్త కూర్చుంది. అన్నం మీద నెయ్యి కరుగుతుంటే కాసేపు దానికేసే చూసింది. ముద్ద నోట్లో పెట్టుకుని, "కాల్తాండాది" అంది.

ఊదుకుంటూ ఇంకో ముద్ద కలుపుకుంది.