మాట్లాడుడు, తినుడు, బతుకుడు

మా అవ్వకు తన పండ్లంటె మస్తు మిడిసిపాటు. మా మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగినోళ్లకు తెల్ల పండ్లుండవు. మా నీళ్ల గుణమది. పాలపండ్లు రాలి కొత్తయి మొలిచినప్పుడే వాటి మీద ఎర్రమట్టి రంగు గీతలు వడ్తయి. అవ్వ మాత్రం ఆలంపూర్ కాడ తుంగభద్ర నీళ్లు తాగి పెరిగి, మా ఊరికి కోడలై వచ్చింది. అరవై దాటినా ఒక్క పన్ను కదలలేదు. పొద్దుగాల యాపపుల్లతోని తోముకుంట, "మీ ఊరోళ్లు నవ్వితె మాడిన మక్కకంకి లెక్క ఉంటదే" అని నన్ను ఎక్కిరించేది. నాకు ఒళ్లు మండేది. నా పండ్లు సుత గట్లనే ఉండె మరి.

ఇది పందొమ్మిది వందల అరవైలల్ల ముచ్చట. నాకప్పుడు పదిహేడేండ్లు. అమ్మ లేదు. నాయిన రోడ్డు పనికి పోయి నెలకోపారి వచ్చేటోడు. ఇంట్ల నేను, నాయినను కన్న అవ్వ. తాతల కాలంల ఏసును నమ్ముకున్నోళ్లం, జానెడు భూమి లేనోళ్లం. నాలుగు మైళ్ల అవతల మఠం అమ్మలు నడిపే దవాఖానల నేను పుండ్లు కడిగే పని చేసేదాన్ని. అక్కడి డాక్టరమ్మది స్పెయిన్ దేశం. తెలుగు ఆమె నోటికి వంగలేదు. ఆమె మాట మాకు, మా మాట ఆమెకు చెప్పే పిల్ల పెండ్లయి పోయింది. కొద్దిగ తెలుగు వచ్చిన ఇంకో మఠం అమ్మతోని నాకు చెప్పిచ్చింది: ఈస్టర్ పండుగ దాకా నేను తప్పు లేకుండ వాళ్ల భాష అప్పజెప్తె, గా పిల్ల జాగల నన్ను పెట్టుకుని, ఎనక నర్సు చదువుకు పంపుతదట. ఇగ నాకేం కావాలె! నేల మీద కాలు నిలువలే.

డాక్టరమ్మ మూడే మూడు మాటలు నేర్పింది. మాట్లాడుడు, తినుడు, బతుకుడు. గీ మూడు పట్టుకుంటె మిగతా మాటలు ముందు మేక ఎన్క మంద వచ్చినట్టు వస్తయన్నది. ఒక్కోదానికి ఆరు తోకలు: నేను, నువ్వు, ఆమె, మేము, మీరు, వాళ్లు. జరుగుతున్నదానికి ఆరు, జరిగినదానికి ఆరు, జరగబోయేదానికి ఇంకో ఆరు. నేను మాట్లాడుతున్న అంటె ఆబ్లో; తర్వాత ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్... అక్కడ ఆగేది నా బండి. ఐదోది, గా 'మీరు'ది, సచ్చినా యాదికొచ్చేది కాదు. రూళ్లకట్టె మెటికల మీద పడేది. ఒక్కటి కాదు, మరిచినన్ని మాట్ల పడేది. పొద్దంత రోగుల పుండ్లకు మెత్తగ మందు రాసే చేతికి గంత కసి ఏడికెళ్లి వచ్చేదో! వాచిన మెటికలతోనే ఇంటికొచ్చి, మర్నాడు తెల్లారకముందే జొన్నలు ఇసిరేదాన్ని.

చదువుకునే యాళ్ల గదే. తెల్లారంగ అవ్వ ఒక దిక్కు, నేనొక దిక్కు ఇసుర్రాయి పట్టుకుని తిప్పుకుంట నేను పైకే చదివేది. ఒక్కో తిప్పుకు ఒక్కో మాట. ఆరు తిప్పులకు ఒక వరుస అయిపోవాలె. ఐదో తిప్పు కాడ నేను నోరు ఎళ్లబెడితె, అవ్వ రాయి ఆపకుండనే, "ఆబ్లాయిస్, మొద్దుదానా!" అనేది. ఎవ్వతి నేర్పిందో! అక్షరం ముక్క రాని ముసల్ది, నా నోట వింట వింటనే మొత్తం మింగేసింది. నాకు సిగ్గయ్యేది, కోపం సుత వచ్చేది.

గా ఏడు వానల్లేవు. మా ఊరి పటేల్ తమ్ముని ఎడ్లు రెండు వారం దినాలల్ల కూలినయి. వాని పెండ్లానికి రెండోపారి సుత కడుపు నిలువలే. ఎవరో బాణామతి చేసిండ్రని మంత్రగాడు చెప్పిండు. నిప్పుకోసం మా ఇంటికొచ్చిన ఒకామె, "వాళ్లింట్ల తెల్లారకముందే తెల్వని మంత్రం సదువుతున్నరు" అని ఊరంత చాటింది. బాణామతి చేసినోళ్లకు మా దిక్కు ఒక్కటే శిక్ష. ముందర పండ్లు గుంజుతరు. పండ్లు లేకుంటె మాట వంకర పోతది, మంత్రం పారదని నమ్మకం.

బువ్వ యాళ్లకు వచ్చిండ్రు. పది మంది. పటేల్ తమ్ముని చేతుల కమ్మరి పట్కారు. నా జుట్టు పట్టి వాకిట్లకు గుంజిండ్రు. ఒకడు మెడ మీద మోకాలు పెట్టిండు, ఒకడు దవడలు వత్తి నోరు తెరిపిస్తుండు. వాని వేలు నోట్లకు రాంగనే పటుక్కున కొరికిన. నెత్తురు ఉప్పగ నాలిక మీదికొచ్చింది. వాడు మొత్తుకుని నన్ను డొక్కల తన్నిండు. ఊపిరి ఆడలే. పట్కారు ఇనుము నా పంటికి తాకింది. ఆ సల్లదనం ఇప్పటికి సుత మరువలే.

"దాన్నిడువుర్రి, బాడ్కావులారా! సదివేది నేను."

అవ్వ. చేతుల చాట ఇంకా పట్టుకునే ఉన్నది. వాళ్లు నమ్మలే. "ముసల్దానివి, నీకేం తెలుసు?" అన్నడు పటేల్ తమ్ముడు. అవ్వ చాట కింద పెట్టి, కొంగు నడుముకు చెక్కి, చర్చిల నిలబడ్డట్టు నిలబడి మొదలు పెట్టింది. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్, ఆబ్లాయిస్, ఆబ్లాన్. తినుడు చెప్పింది. బతుకుడు చెప్పింది. జరిగింది, జరగబోయేది, ఒక్కటి తప్పలే. పది మంది మొగోళ్లు నాలుగడుగులు ఎన్కకు జరిగిండ్రు. నన్ను ఇడిచిండ్రు.

తర్వాత ఆమె మీద పడ్డరు. పట్కారుకు అవ్వ పండ్లు లొంగలే, గంత గట్టియి. రాయి తీసుకున్నరు. నేను లేవబోతె మల్ల తన్నిండ్రు. మట్టిల మొకం పెట్టి నేను ఆ చప్పుడు విన్న. వాళ్ల చేతులిరగ, వాళ్ల వంశం మీద మన్ను వడ!

ఎవరో పుణ్యాత్ముడు ఎడ్లబండి కట్టిండు. దవాఖానల డాక్టరమ్మ అవ్వ నోరు చూసి తెల్లబోయింది. ఏమైందని తన భాషల నన్ను అడిగింది. కొట్టుడు అనే మాట నాకు నేర్పలే. రాయి అనే మాట నేర్పలే. నా దగ్గరున్నయి మూడే మాటలు. "అవ్వ ఆబ్లో" అన్న, తోక వత్తి పలికి; గట్ల వత్తితె అది ఆమెకు జరిగినదైతది. అవ్వ మాట్లాడింది. డాక్టరమ్మ చేతులు ఆగినయి. "కోమేరా?" అని అడిగిన. తింటదా? ఆమె మల్ల అవ్వ నోట్ల దూది అదిమింది. "బీవీరా?" అని అరిచిన. బతుకుతదా? ఆమె నా నెత్తి మీద చెయ్యేసి, "బీవీరా" అన్నది. గప్పుడు ఏడ్చిన. గా ఈస్టర్ దాకా ఆగకుండ, మర్నాడే నన్ను మాటలు చెప్పే పనిల పెట్టుకున్నది. నాకది పరీక్ష పాసైనట్టు అనిపియ్యలే. దొంగసొమ్ము తిన్నట్టే ఉండె.

పోలీసులొచ్చిండ్రు, పటేల్ ఇంట్ల కోడికూర తిని పోయిండ్రు. పటేల్ తమ్ముడు బాయి కాడ ఎదురైతె నేను ఆగి, వాన్నే చూసుకుంట పెదవులు కదిపేదాన్ని. లోపల ఏమీ చదివేదాన్ని కాదు, ఉత్తగనే. వాడు బొక్కెన ఆడనే ఇడిచి ఉరికేటోడు. పాపమని తెలుసు. చర్చిల ఒప్పుకోలే, ఇప్పుడు సుత ఒప్పుకోను.

నెలకు అవ్వ ఇంటికొచ్చింది. ముందర పైన ఐదు, కింద నాలుగు లేవు. పెదవి లోపలికి పోయి మొకమే మారిపోయింది. నవ్వొస్తె కొంగు అడ్డం పెట్టుకునేది. అంబలి తప్ప ఏదీ మింగేది కాదు. మొదటి దినం తెల్లారంగ ఇసుర్రాయి కాడ కూసున్నం. నేను నోరు మూసుకుని తిప్పుతున్న.

అవ్వ రాయి ఆపింది. "సదువు."

"మల్ల వస్తరే అవ్వా."

"రానీ. నా నోట్ల ఇంక గుంజేటందుకు ఏమున్నయే?"

రాయి తిప్పింది. నేను బతుకుడు అందుకున్న, జరగబోయేది. బీవీరే, బీవీరాస్, బీవీరా, బీవీరేమోస్. అక్కడ నా బండి ఆగింది. నాలుగో తిప్పు దాటి రాయి తిరుగుతనే ఉన్నది. అవ్వ పండ్లు లేని నోటితోని, గాలి పోయేదాన్ని పెదవులతోని ఆపుకుంట, ఐదోది చెప్పింది.

"మొద్దుదానా" అని సుత అన్నది.