వెనక చక్రం చప్పుడు

ఆ రోజు పొద్దున మసీదు మైకులో ఎవరో పోయారని చెప్పారు. ఉర్దూ నాకు అర్థమవుతుంది. పేరు విన్నాను, ఎవరో పాపం అనుకున్నాను, మొక్కలకు నీళ్లు పోసుకున్నాను. కాలేజీకని బయలుదేరిన మా మనవరాలు సగం దారిలోంచి సైకిల్ నడిపించుకుంటూ తిరిగి వచ్చింది.

"నానమ్మా, సైకిల్ షాపు చాచా పోయిండట. షాపు ముందట మస్తు మంది ఉన్నరు."

నేను విన్న పేరు ఆయనదేనని అప్పుడు తెలిసింది. కోరుట్లలో మా పేటకంతా ఆయన చాచా. నాకంటే రెండు మూడేళ్లే పెద్ద అయినా, నాకూ చాచానే. ఆ పేరు మళ్లీ గుర్తు చేసుకుందామని ఎంత ప్రయత్నించినా మైకు గరగర తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఇప్పటి గేర్ల సైకిళ్లను కూడా చాచా బాగు చేసేవారు. కానీ పాతకాలపు నల్ల సైకిల్ ఓవరాయిలింగుకు వచ్చిందంటే ఆయన కూర్చునే తీరే మారిపోయేది. మొదట చక్రం ఊడదీసి, దాని నడుమ ఉన్న ఇరుసు విప్పేవారు. లోపలి ఛర్రాలను, అంటే ఆ చిన్న ఇనుప గోళీలను, గాసునూనెలో కడిగి పాత బనీను గుడ్డ మీద ఆరబెట్టేవారు. ఇరుసుకు కప్పులా ఉండే చోట కొత్త గ్రీజు పూసి, అందులో ఒక్కొక్కటే అద్దేవారు. ఒక చక్రం ఛర్రాలను ఇంకో చక్రం వాటితో కలవనిచ్చేవారు కాదు.

బడి ఉద్యోగంలో అన్నీ సరిచూసుకోవడం నాకు అలవాటు. పక్కనే నిలబడి లెక్కపెట్టేదాన్ని. ఒకసారి కప్పులో కాస్త ఖాళీ కనిపించి, "ఇంకోటి పడుతుంది కదా చాచా" అన్నాను.

"పడుతది పంతులమ్మా. ఇరికిస్తే పడుతది, తిరగది. తిరగాలంటే జర జాగ ఉండాలె. మీ క్లాసుల గూడ గంతే గదా? బెంచీకి ఆరుగురిని ఇరికిస్తే ఒక్కడన్న రాస్తడా?"

"నా క్లాసులో బెంచీకి నలుగురే" అన్నాను.

"గట్లనా? మరి గీ ఛర్రాలకు హాజరు పిలువుండ్రి, తప్పిపోయినయేమో చూద్దాం" అని నవ్వారు.

నేను నవ్వలేదు. హాజరు మాత్రం పిలిచినంత పని చేశాను. ఆ తరువాత నన్ను చూసినప్పుడల్లా, "లెక్క సరిపోయిందా పంతులమ్మా?" అనేవారు. ఈమధ్య కొన్నేళ్లుగా మాత్రం నన్ను నిలబడనిచ్చేవారు కాదు. "చక్రం పెట్టి పోండ్రి, రేపు ఇస్త" అనేవారు. ఆ మాట నాకు నచ్చేది కాదు కానీ, చక్రం తెచ్చుకుని చూస్తే వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

నేను చాచా దగ్గరికి తీసుకెళ్లే పాత నల్ల సైకిల్ మా సారుది. నా భర్తను నేనూ అందరిలాగే సారు అనేదాన్ని. మేడిపల్లి వైపు బడికి దాని మీదే వెళ్లి వచ్చేవారు. ఆయన చివరి రోజుల్లో వెనక చక్రంలో ఒక చప్పుడు మొదలైంది. కర్ర్, కర్ర్ మని వచ్చి, నడుమ ఒకచోట తడబడేది. సందు మలుపులో అది వినబడగానే చాయ్ నీళ్లు పెట్టేదాన్ని.

సారు పోయాక సైకిల్ గోడకు ఆనించి ఉండిపోయింది. మనవరాలు ఇంటర్‌లో చేరాక దాన్ని బయటికి తీసింది. మొదటి సాయంత్రం సందు మలుపులో ఆ చప్పుడు రాగానే నేను లేచి వెళ్లి పొయ్యి వెలిగించాను. నీళ్లు మరిగి, రెండు గ్లాసులు తీశాక గానీ చేస్తున్నది ఏమిటో తెలియలేదు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం మలుపు దాకా సారు వచ్చేవారు. గేటు దగ్గరికి వచ్చేసరికి మనవరాలు అయిపోయేవారు.

చాచా ఆ చప్పుడు పసిగట్టకుండా ఎలా ఉంటారు? స్క్రూడ్రైవర్ కొసను ఇరుసుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, చక్రం తిప్పి విన్నారు.

"కోన్ తిన్నది పంతులమ్మా. గుంటలు పడ్డయి. మార్చుదాం." కోన్ అంటే ఛర్రాలను లోపల పట్టి ఉంచే బిళ్ల.

"కడిగి గ్రీజు పెట్టండి చాలు. కోన్ మార్చొద్దు" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకున్నారు. మర్నాటికి ఆ అరిగిన కోన్‌నే కడిగి మళ్లీ పెట్టి ఇచ్చారు.

కానీ అడగడం మానలేదు. అటువంటి పాత కోన్ ఇప్పుడు తయారు కాదట. జగిత్యాల షాపులన్నీ తిరిగి, చివరికి సిరిసిల్లలో మూతపడబోతున్న ఒక దుకాణంలో దొరికించుకున్నారు. గుడ్డ విప్పి నాకు చూపించి, మళ్లీ చుట్టేశారు.

"మీరు ఊ అన్ననాడు పెడుత. గది సారు చప్పుడు గాదమ్మా, ఇనుము ఏడ్సుడు. ఒకనాడు చక్రం పట్టేస్తది. బిడ్డ పోయేది లారీల రోడ్డు."

"చూద్దాం" అన్నాను. అది మా ఆఖరి మాట.

ఆయన పోయిన కొద్ది రోజులకు మనవరాలు ముఖం పాలిపోయి ఇంటికి వచ్చింది. పెద్ద రోడ్డు మీద వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోయిందట. కాళ్లు ఆనించి నిలదొక్కుకుంది. అటూ ఇటూ కదిపితే చక్రం వదిలిందట.

"వెనుకకెల్లి ఎవరో పట్టుకున్నట్టయింది నానమ్మా" అంది.

మర్నాడు సైకిల్ నడిపించుకుంటూ ఇద్దరం చాచా ఇంటికి వెళ్లాం.

షాపు షట్టర్ వేసి ఉంది. దానికి ఆనించి రెండు మూడు సైకిళ్లు ఉన్నాయి. ఆయన పోయారని తెలియక వదిలి వెళ్లారో, తెలిసీ వదిలి వెళ్లారో. ఇల్లు షాపు వెనకే. చాచీ ఇద్దత్‌లో ఉన్నారు, భర్త పోయాక కొన్ని నెలల పాటు వాళ్లు గడప దాటరు. కాసేపు చేతులు పట్టుకుని కూర్చున్నాం. లేవబోతూ, ఆ కోన్ వేయగలవాళ్లు కోరుట్లలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాను.

చాచీ నన్ను వింతగా చూశారు. "ఎవరో ఎందుకు? సైకిల్ లోపలికి తెమ్మను. షుగరుతోని ఆయన కండ్లు మసకైనంక ఛర్రాలు ఎవరు పెట్టిండ్రనుకున్నవు? చక్రం ఇంట్లకు తెచ్చేటోడు. నేను పెడుతుంటి, ఆయన మంచం మీద కూసొని చెవి పెట్టి ఇంటుండె."

రేపు ఇస్త అన్న మాట వెనక ఇంత ఉంది.

ఇంటి లోపలి వాకిట్లో చాప పరిచారు. గుడ్డలో చుట్టిన కోన్‌ను అల్మారాలోంచి తెచ్చారు. ఆ వేళ్లు ఛర్రాలను ఒక్కొక్కటే గ్రీజులో అద్దుతుంటే, నేను నిలబడలేదు, ఆమె పక్కన కూర్చున్నాను. లెక్కపెట్టలేదు కూడా. కోన్ తిప్పుతూ, "బిగిస్తే ఏడుస్తది, వదిలేస్తే ఊగుతది అనేటోడు" అని చెప్పారు.

పని అయిపోయింది. చాచీ చక్రాన్ని రెండు చేతులతో ఎత్తి, మనవరాలితో తిప్పించి, ఇరుసును పక్కనున్న నులకమంచం వైపు చాపారు. "సునో" అన్నారు, అంటే వినమని. మంచం ఖాళీగా ఉంది. చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె చేతులు దించలేదు.

నేను లేచి వెళ్లి ఆ మంచం మీద కూర్చుని, ఇరుసు దగ్గర చెవి పెట్టాను.

"ఏమీ వినబడటం లేదు" అన్నాను.

"గంతే. మంచిగైంది" అన్నారు చాచీ. అప్పుడు ఏడ్చారు.

ఆ సాయంత్రం మనవరాలు ఎప్పుడు వచ్చిందో నాకు తెలియలేదు. తలెత్తేసరికి గేటు లోపల నిలబడి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. "చూడు నానమ్మా, ఎట్ల తిరుగుతున్నదో" అని, సైకిల్‌కు స్టాండు వేసి పెడల్‌ను గట్టిగా ఒక్క తిప్పు తిప్పి లోపలికి వెళ్లిపోయింది. చక్రంలో ఇనుప పుల్లలు కనబడటం లేదు, పలుచటి మెరుపు ఒక్కటే. దాని వెనక గోడ కనబడుతోంది. ఎవరూ తాకకుండానే అది నెమ్మదిస్తూ వచ్చింది. ఆ మెరుపులోంచి పుల్లలు ఒక్కొక్కటే బయటికి రాసాగాయి.