తిప్పేవాళ్లకు వినపడని రాగం

నా చిన్నప్పుడు జొన్నచేలో నేనొక అబద్ధం పట్టుకున్నానని మా బంధువులు ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుకుంటారు. "ఇది ఫిజిక్సు చదువుతుందని అప్పుడే అనుకున్నాం" అని పైగా ఒక ముక్తాయింపు. వినీ వినీ విసుగొచ్చింది. నేను పట్టుకున్నది అబద్ధం కాదు. నిజం చెప్పిన మనిషిని అబద్ధాలకోరును చేశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బాట పక్కన మాకు కొంచెం జొన్నచేను ఉండేది. కంకి పాలు పట్టింది మొదలు కోత దాకా ఒక అవ్వ మంచె ఎక్కి పిట్టలు తోలేది. ఒంటరి మనిషి. ఆ కాపలాకు మేమిచ్చే జొన్నలే ఆమెకు ఎండాకాలం తిండి. అందరూ వడిసెలతో రాళ్లు విసిరేవాళ్లు. ఈమె దగ్గర మాత్రం గంటు పెట్టిన జానెడు వెదురుగొట్టం, దానికి రెండు మూరల తాడు. తల మీదుగా గిరగిరా తిప్పితే ఈల వేసినట్టు మోగేది.

ఒక ఆదివారం నాయన వెంట చేనికి పోయాను. ఒక మూల కంకులు బోసిపోయి ఉన్నాయి. నాయన గట్టు మీద నుంచే అరిచాడు.

"నిద్రపోతాండావా ముసల్దానా? ఆ గొట్టం తిప్పితే పిట్టలు పోతాయా, కచేరీకి వస్తాయా?"

"ఆ మూల తుమ్మచెట్టు ఉండాదప్పా, ఆడి నుంచి వాల్తాండాయి. మిగతా చేను నిలిచింది దీనితోనే. దీని రాగం ఎక్కుతా దిగుతా ఉంటాది. ఒకటే రాగమైతే పిట్ట రెండు దినాలకే లెక్క చెయ్యదు."

నేను మంచె ఎక్కి, గొట్టం లాక్కుని తిప్పాను. చెవులు రిక్కించి విన్నాను. ఎక్కలేదు, దిగలేదు.

"ఒకటే రాగం నాయనా! అవ్వ అబద్ధం సెప్తాంది!" అని చేనంతా వినబడేలా కేక పెట్టాను.

అవ్వ నవ్వింది. "తిప్పేదానికి అట్లే ఇనపడతాది పాపా. నాకూ అంతే. నువ్వు దిగి గట్టు కాడికి పో. నేను తిప్తా, ఇను."

"నీకే ఇనపడనిది ఉందని నీకెట్లా తెలుసు?"

"మా యమ్మ తిప్పుతాంటే గట్టు మింద నుంచి ఇన్న్యాలే."

"అయితే అబద్ధాలు మీ యమ్మ కాడ నేర్చుకున్న్యావా?"

అప్పుడు ఆగింది ఆమె నవ్వు. మంచె నుంచి గట్టు ఎంత, ఇరవై అడుగులు. నేను దిగలేదు. వాదనలో గెలుస్తున్నదానికి దిగి చూడాలని ఎందుకు తోస్తుంది?

"బడికి పోయే పిల్ల కంటే నీకెక్కువ తెలుసా?" అని నాయన ఆ పూటే ఆమెను మాన్పించాడు. మర్నాడు వడిసెల విసిరే మనిషి వచ్చాడు. అవ్వ కూలి వెతుక్కుంటూ గోనెగండ్ల వైపు పోయిందని విన్నాం. దొరికిందో లేదో నేను ఎవరినీ అడగలేదు.

కాలేజీలో ఒకనాడు లెక్చరరు బోర్డు మీద వృత్తం గీశాడు. తాడు చివర ఈల కట్టి తిప్పితే, దూరాన ఉన్నవాళ్లకు అది తమ వైపు వచ్చేటప్పుడు స్వరం హెచ్చుతుంది, అవతలికి పోయేటప్పుడు తగ్గుతుంది. నడిమధ్య నిలబడి తిప్పేవాళ్లకు ఈల దూరం మారదు కాబట్టి స్వరమూ మారదు అన్నాడు. డాప్లర్ ఫలితమట. క్లాసంతా రాసుకుంది. నేను పుస్తకంలో నుంచి తల ఎత్తలేకపోయాను. ఆ పాఠం నాకు మంచె మీదే చెప్పారు. చెప్పినావిడకు నేనిచ్చిన గురుదక్షిణ, ఆమె తల్లి మీద ఒక మాట.

నా నోరు ఇప్పటికీ తగ్గలేదు, మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కాని ఎవరైనా "ఇక్కడికొచ్చి నిలబడి చూడు" అంటే వాదన ఆపి, పోయి నిలబడతాను. దాంతో సిగ్గు తీరుతుందని కాదు.

ఒక్క సంగతి మాత్రం నాకు తేలలేదు. నేను గొట్టం తిప్పుతున్నంతసేపూ నాయన గట్టు మీదే ఉన్నాడు, ఆమె నన్ను పోయి నిలబడమన్న చోటే. ఇంత నోరున్నదాన్ని, ఆయన బతికుండగా ఆ ఒక్కటీ అడగలేకపోయాను. రాగం ఎక్కడం, దిగడం ఆయనకు వినపడలేదా, లేక విని కూడా నన్ను గెలవనిచ్చాడా?