అత్త చెప్పిన తలుపు కథ

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, మా పుదుచ్చేరి తెలుగు బ్లాగర్ల నుంచి ఆహ్వానం వచ్చి ఉంది. మళ్ళీ ఒక మంచిపని కోసం పగలంతా కలిసి బ్లాగులు రాద్దామనీ, ఈసారి మన ఇళ్ళలోని యాసలోనే, మన అవ్వల మాటల్లోనే రాయాలనీ. చదవగానే ఒళ్ళు మండిపోయింది. బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో రాసినవాళ్ళు మీలో ఉంటే, నా కోపం మీకు అర్థమవుతుంది.

అప్పట్లో ఏంబలంలో ఒక చిన్న బడి పైకప్పు వానకు కూలిపోతే, మళ్ళీ వేయించాలని కొద్దిమందిమి పూనుకున్నాము. ఇందిరా నగర్‌లో మా ఇంటి ముందుగదిలో చేరి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా గంటకొక టపా రాయడం, ప్రతి టపాకూ తెలిసినవాళ్ళు తోచినంత చందా ఇవ్వడం ఏర్పాటు. నెట్ నత్తనడక నడిచినా ఇల్లు మాత్రం పెళ్ళివారిల్లులా ఉండింది. మా వీధిలోని రిటైరైన మాస్టారు మాకు పెద్దదిక్కు. టపాలన్నీ ఉమ్మడి బ్లాగులో పెట్టేది ఆయనే.

మధ్యాహ్నానికి నాకు రాయడానికేమీ మిగల్లేదు. బాహూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా మేనత్త, అందరికీ మజ్జిగ ఇస్తూ నా అవస్థ చూసి, తను చెబుతాను రాసుకోమంది. అక్షరం ముక్క రాని మనిషి. తన చిన్నతనంలో చెరువు పొంగి దారులన్నీ మునిగినప్పుడు, వాళ్ళమ్మ సొంత ఇంటి తలుపు ఊడబెరికి, నొప్పులు పడుతున్న పొరుగింటి కోడల్ని దానిమీద పడుకోబెట్టి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి నడుంలోతు నీళ్ళలో మోసుకుపోయిందట. బిడ్డ దారిలో ఆ తలుపు మీదే పుట్టిందట. ఆమె మాట సగం తెలుగు, సగం అరవం. ఒక్క మాటా మార్చకుండా రాసి మాస్టారికి పంపాను.

సాయంత్రం అత్త వింటానని పక్కన కూర్చుంటే, బ్లాగు తెరిచి చదివాను. “కవాటమును తొలగించి, ఆసన్నప్రసవయగు స్త్రీని...”

అత్త కాసేపు విని, “ఇది ఎవురి కతరా? నేను చెప్పింది యాడ పెట్టినావు?” అంది.

మాస్టారిని నిలదీస్తే, “ఆ అరవ యాస అట్లాగే పెడితే బయటివాళ్ళ ముందు మన పరువేం కావాలి నాయనా?” అన్నారు, ఎంతో మేలు చేసినట్టు. నన్ను అడగలేదు, ఆవిడని అసలే అడగలేదు! లేచి వెళ్ళిపోదామనుకున్నాను, కానీ బడిపిల్లలేం చేశారు? అత్త మాటల్ని ఉన్నదున్నట్టు నా సొంత బ్లాగులో పెట్టి, పళ్ళు బిగబట్టి ఆఖరి టపా దాకా రాశాను.

బడికి కప్పు పడింది. ప్రారంభం నాడు మాస్టారు ఆ దిద్దిన కథనే వేదికమీద చదివి చప్పట్లు కొట్టించుకున్నారు. చెప్పిన మనిషి ముందువరసలోనే ఉన్నా, ఆమె ఊసైనా ఎత్తలేదు. ఆ తర్వాత ఎంత బతిమాలినా అత్త నాకు మరో కథ చెప్పలేదు. “వద్దులేరా సామీ, మళ్ళా ఎవురో మార్చేస్తారు” అనేది. అలాగే కన్నుమూసింది.

ఇప్పుడు అవ్వల మాటలు కావాలట! ఎవరింటికి వెళ్ళి అడగమంటారు? రాయడం మాత్రం ఎంత సులువైపోయిందో. అక్షరం రాకపోయినా నోటితో చెబితే ఫోనే రాసిపెడుతోంది. నిన్న తలుపు వేసుకుని, అత్తలా నాలుగు మాటలు పలికి చూద్దామనుకున్నాను. రెండో మాటకే పుస్తకాల తెలుగులోకి జారిపోయాను.